పరకాయ ప్రవేశం ఎలా చేయాలి: నటించేవాళ్ళకీ, కథలు రాసేవాళ్ళకీ

పదేళ్ళ కింద మా ఊళ్ళో ఒక నాటికలో నాకు అన్న వేషం ఇచ్చారు. కథ మామూలే, తండ్రి పోయాక మిగిలిన రెండెకరాల్లో చెల్లెలికి వాటా పోకుండా హక్కు విడుదల కాగితం మీద సంతకం పెట్టించుకుందామని అన్న ఆవిడ ఇంటికి వెళ్తాడు, అంతే. మొదటి రిహార్సల్లో నేను కనుబొమ్మలు ముడిచి, గొంతు బొంగురు చేసి, కాలు మీద కాలేసుకుని కూర్చుని... అచ్చం పాత సినిమా విలన్ అన్నమాట. మా మాస్టారు కాసేపు చూసి టీ గ్లాసు కింద పెట్టి "ఒరేయ్, నువ్వు వాడి మీద కేసు పెడుతున్నావురా, వాణ్ణి ఆడట్లేదు" అన్నారు.

నాలుగేళ్ళ తర్వాత అదే సీన్ నన్ను వదలక, చెల్లెలి వైపు నుంచి కథగా రాద్దామని కూర్చున్నా. మళ్ళీ అదే తప్పు, ఈసారి పెన్నుతో చేశా. చెల్లెలు దేవత, అన్న రాక్షసుడు. చదివిన ఫ్రెండ్ "బానే ఉంది గానీ అన్న ఎందుకొచ్చాడో అర్థం కాలేదు" అంది. ఆస్తి కోసం అన్నా. "అది నాకూ తెలుసు" అంది.

అప్పుడు కూర్చుని ఆలోచిస్తే రిహార్సల్స్‌లో మాస్టారు నాతో చేయించిన పనులన్నీ కథకీ ఉన్నవి ఉన్నట్టు పనికొస్తాయని తెలిసింది. అవే ఇక్కడ వరసగా రాస్తున్నా, ఉదాహరణకి ఆ అన్నాచెల్లెళ్ళ సీనే తీసుకుంటా.

ముందు ఒక మాట క్లియర్ చేసుకుందాం

సానుభూతి వేరు, సహానుభూతి వేరు. సానుభూతి అంటే పరామర్శకి వెళ్ళినట్టు, అయ్యో అని పది నిమిషాలు కూర్చుని చెప్పులేసుకుని వచ్చేస్తాం. సహానుభూతి అంటే రాత్రికి ఆ ఇంట్లోనే పడుకుని, తెల్లారి పాలవాడికి ఎంత బాకీ ఉందో వాళ్ళతో పాటు లెక్కేసుకోవడం. ఇంగ్లీషులో ఎంపతీ అనే మాట కూడా పెద్ద పాతదేం కాదు, 1909లో ఒక జర్మన్ మాటకి అనువాదంగా పుట్టింది, ఆ జర్మన్ మాటకి అర్థమే 'లోపలికి దూరి అనుభవించడం'. మనకి మాత్రం ఆ ఊహ కథల్లోనే ఉంది, శంకరాచార్యులు అమరుక మహారాజు శరీరంలో దూరిన కథ తెలిసిందే కదా. మంచి నటుణ్ణి చూసి పరకాయ ప్రవేశం చేశాడ్రా అని ఇప్పటికీ అంటాం. ఆ కథలో జనం మర్చిపోయే ముక్క ఒకటుంది, దూరేముందు ఆయన తన శరీరాన్ని శిష్యులకి అప్పగించి, జాగ్రత్తగా కాపాడమని చెప్పి వెళ్ళాడు. దాని సంగతి చివర్లో చెప్తా.

సాహిత్యం చదివితే ఎంపతీ పెరుగుతుందని 2013లో సైన్స్ పత్రికలో ఒక పేపర్ వస్తే అందరూ తెగ షేర్ చేశారు. తర్వాత వేరేవాళ్ళు ఆ ప్రయోగాన్ని మళ్ళీ చేస్తే ఆ ఫలితం సరిగ్గా నిలబడలేదు. కాబట్టి నాటకాలు వేస్తే మనుషులు మంచివాళ్ళైపోతారని నేను చెప్పను, గ్రీన్‌రూమ్ గొడవలు చూసినవాడెవడూ చెప్పడు. ఇది పని నేర్చుకునే పద్ధతి, అంతవరకే.

మొదటి పని: వాడి తరఫున వకాల్తా పుచ్చుకోండి

మీకు నచ్చని పాత్రతోనే మొదలెట్టండి. ఒక తెల్లకాగితం తీసుకుని "నేను" అని మొదలుపెట్టి, వాడు చేసింది ఎందుకు న్యాయమో వాడి నోటితోనే ఒక పేజీ రాయండి. మాస్టారు నాతో రాయించింది ఇంచుమించు ఇలా ఉంటుంది:

"నాన్న ఆపరేషన్‌కి లక్షా ఎనభై వేలు నేనే కట్టా. అది వచ్చి చూసి వెళ్ళింది, పాపం ఏడ్చింది కూడా, కానీ బిల్లు కౌంటర్ దగ్గర నుంచున్నది నేను. దాని పెళ్ళికి తెచ్చిన అప్పు ఏడేళ్ళు తీర్చాం, మా ఆవిడ గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. బోర్లు రెండేస్తే రెండూ ఎండిపోయినయ్. బావకి నెల తిరిగేసరికి జీతం వస్తుంది. ఈ రెండెకరాలు కూడా ముక్కలు చేస్తే నేను ఏం తిని బతకాలి? నేనేం మోసం చేయట్లేదు, అడుగుతున్నా."

చూశారా, పేజీ మొత్తంలో దురాశ అనే మాట ఎక్కడా లేదు. ఆ మాట మనది, వాడిది కాదు. అది రాశాక నా కాలు మీద కాలు దానంతటదే దిగిపోయింది, ఎందుకంటే చెల్లెలి ఇంటికి అడగడానికి వెళ్ళినవాడు కుర్చీ చివర కూర్చుంటాడు గానీ దొరలా కూర్చోడు కదా.

ఇందులో ఆరితేరినవాడు రావిశాస్త్రి. విశాఖపట్నంలో వకీలు ఆయన, సారా కేసులవాళ్ళూ దొంగలూ పోలీసులూ రోజూ కళ్ళముందు తిరిగేవాళ్ళు. ఆయన కథల్లో మనుషులు వాళ్ళ వాదన వాళ్ళే వినిపిస్తారు, జడ్జిమెంట్ మాత్రం మన చేతిలో పెడతాడు. గురజాడ గిరీశాన్ని చూడండి, వాడు చేసే పనుల్లో ఒక్కటీ మంచిది కాదు, అయినా వాడు స్టేజీ మీదకొస్తే హాల్లో అందరి మొహాలూ వెలుగుతాయి. రాసినవాడు వాడి తెలివితేటల్ని లోపల్నుంచి ఎంజాయ్ చేయకపోతే అలా రాదు.

ఒక హెచ్చరిక. వకాల్తా పుచ్చుకోవడం అంటే వాడు చేసింది కరెక్టని మీరు ఒప్పుకోవడం కాదు. ఈ రెండూ కలిపేసుకుని, విలన్లకి పాపం చిన్నప్పుడు అమ్మ కొట్టిందని ఫ్లాష్‌బ్యాక్‌లు పెట్టేవాళ్ళని చూస్తే నాకు నీరసం వస్తుంది.

రెండో పని: సంచీలో ఏముందో కనుక్కోండి

రష్యాలో స్టానిస్లావ్‌స్కీ అని నటుడు, డైరెక్టర్, 1898లో మాస్కో ఆర్ట్ థియేటర్ పెట్టినవాళ్ళలో ఒకడు. ఆయన నటులకి నేర్పినవాటిల్లో బాగా పేరొచ్చినది 'మేజిక్ ఇఫ్', అంటే "నేనే గనక ఈ పరిస్థితిలో ఉంటే ఏం చేస్తాను" అని అడుక్కోవడం. అందరూ 'నేనే గనక' దగ్గర ఆగిపోతారు, అసలు బరువంతా 'ఈ పరిస్థితిలో' అన్న దాని మీద ఉంది. పరిస్థితి తెలీకుండా ఊహించుకుంటే మీరే కనిపిస్తారు, ఆ అన్న కనిపించడు.

అందుకని పనికిమాలినవి అనిపించే ప్రశ్నలు వేసుకోండి. ఏ నెల? బస్సులో వచ్చాడా, బండి మీదా? పొద్దున ఏమైనా తిన్నాడా? బయల్దేరేటప్పుడు వాళ్ళావిడ గుమ్మం దగ్గర ఏమంది? ఆడపిల్లకి సమాన వాటా అని మన దగ్గర 1986లోనే చట్టం వచ్చింది, 2005లో దేశం మొత్తానికీ వచ్చింది, మరి ఆ సంగతి వీడికి తెలుసా, తెలిసీ వచ్చాడా? చెల్లెలికి తెలుసా? తెలిసి కూడా పుట్టింటి గడప పోతుందని నోరు మూసుకుందా? ఈ ఒక్క ప్రశ్నకి మీరిచ్చే జవాబుని బట్టి సీన్ మొత్తం మారిపోతుంది.

మాకు దొరికిన జవాబు మాత్రం చాలా చిన్న ప్రశ్న నుంచి వచ్చింది: కాగితం ఎక్కడ పెట్టుకున్నాడు? నేను జేబులో అన్నా. మాస్టారు "ఎండాకాలం, బస్సులో వచ్చాడు, చెమటకి తడవదా?" అన్నారు. అయితే సంచీలో. చెల్లెలి ఇంటికి వట్టి చేతుల్తో వెళ్ళడు కాబట్టి సంచీలో మామిడిపళ్ళు, చిన్న రసాలు, వాటి కింద ప్లాస్టిక్ కవర్లో కాగితం. సరే అని సంచీతో రిహార్సల్ చేశాం. నేను లోపలికి అడుగుపెట్టగానే చెల్లెలి వేషం వేసిన అమ్మాయి, స్క్రిప్టులో లేదు అసలు, అలవాటు కొద్దీ "తే అన్నయ్యా, ఎంత బరువు మోసుకొచ్చావో" అంటూ సంచీ లాక్కుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నాకు నిజంగా గుండె ఆగింది. కాగితం లోపలికి పోయింది! ఇప్పుడు అది పళ్ళు తీస్తే కనిపిస్తుంది, నేను లేచి వెళ్ళలేను, కూర్చోలేను, బావ పేపర్ చదువుకుంటూ ఎండల గురించి ఏదో అంటున్నాడు. ఆ రెండు నిమిషాలు నేను చేసినదాన్ని నటన అనాలో ఏమనాలో తెలీదు. నాటిక రాసినాయన అక్కడే ఉన్నారు, తల గోక్కుని "ఇదే ఉంచుదాం" అన్నారు.

కథ రాసేవాళ్ళూ ఇలాగే చేయొచ్చు, పాత్ర చేతికి ఒక వస్తువు ఇచ్చి, దాన్ని ఇంకొకళ్ళు లాక్కుంటే ఏమవుతుందో చూడండి.

మూడోది: ప్రతి మాటా ఏదో ఒక పని చేయాలి

ఇది తొందరగా చెప్పేస్తా. డైలాగ్ పక్కన "బాధగా", "కోపంగా" అని రాసుకోకండి, అవి ఆడటానికి రావు, ముఖం వికారంగా తయారవుతుంది. దాని బదులు క్రియ రాసుకోండి: బుజ్జగించడం, తప్పించుకోవడం, గుర్తుచేయడం, అప్పు వసూలు చేయడం. "సన్నబడ్డావేంటమ్మా" అన్న ఒక్క మాటతో అన్న ప్రేమ చూపించొచ్చు, బావని తిట్టొచ్చు, కాగితం మాట వాయిదా వేయొచ్చు. మూడిట్లో ఏది చేస్తున్నాడో తెలిస్తే గొంతు దానంతటదే వస్తుంది. కథలో అయితే "అన్నాడు అతను దీనంగా" లాంటివి సగం కొట్టేయొచ్చు.

నాలుగోది: ఒంటితో మొదలెట్టండి

మనసులోకి నేరుగా దూరడం అందరికీ కుదరదు, ఒళ్ళు మాత్రం చేతికి అందుతుంది. మన తెలుగు స్టేజీకి ఇది కొత్తేం కాదు. స్థానం నరసింహారావు, 1902లో బాపట్లలో పుట్టినాయన, జీవితమంతా సత్యభామ, చిత్రాంగి, మధురవాణి లాంటి ఆడవేషాలే. మగాడు సత్యభామ కావాలంటే ఆవిడ గర్వం ముందు నడకలో, మెడ తిప్పడంలో, పైట సర్దుకోవడంలో దొరకాలి, తర్వాతే మనసు. 'మీరజాలగలడా' పాట అందరికీ తెలుసు కదా, అది ఆయనే రాసుకున్నది. ఆ వేషంలో అంతగా బతికినవాడికి అక్కడ ఆవిడ ఏమని పాడుతుందో తెలిసిపోయింది. నటుడికీ రచయితకీ మధ్య గోడ ఎంత పల్చనో చెప్పాలంటే నాకు అదే గుర్తొస్తుంది.

నాట్యశాస్త్రంలో సాత్త్విక భావాలు ఎనిమిది చెప్పారు: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. అంటే కొయ్యబారిపోవడం, చెమట, గగుర్పాటు, గొంతు మారడం, వణుకు, రంగు పాలిపోవడం, కన్నీళ్ళు, స్పృహ తప్పడం. ఎనిమిదిట్లో కన్నీళ్ళు ఒక్కటే చూశారా, మనం రాసే కథల్లో మాత్రం ప్రతివాళ్ళూ ఏడుస్తూనే ఉంటారు. ఈ లిస్టు గోడకి అంటించుకుని, "ఏడ్చింది" అని రాయబోయిన ప్రతిసారీ మిగతా ఏడిట్లో ఏదన్నా కుదురుతుందేమో చూడండి.

చెల్లెలి కథ రెండోసారి రాసేటప్పుడు నేను వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుని ఆవిణ్ణి ఆడి చూశా (ఇంట్లోవాళ్ళకి అలవాటైపోయింది లెండి). సంచీలోంచి ఒక్కో పండూ తీసి గిన్నెలో పెడుతున్నా, కవర్ తగిలింది. నేననుకున్నదేంటంటే ఆవిడ కాగితం చదివి కూలబడిపోతుందని, ముందు అలాగే రాశా కూడా. కానీ చేతులు ఆగలేదు. పళ్ళు కడగాలి, తుడవాలి, చాకు తియ్యాలి, బయట ఇద్దరు మగాళ్ళు ఎదురుచూస్తున్నారు. ఆ వంటింట్లో కూలబడటానికి ఆవిడకి టైమే లేదు. పళ్ళు కోస్తూ కోస్తూ, రసం కారిన చేత్తో కాగితం రెండో పేజీ తిప్పింది. తర్వాత పళ్ళెం ఒక చేత్తో, కాగితం ఇంకో చేత్తో పట్టుకుని హాల్లోకి వచ్చి నా నోటితో ఒక మాట అంది: "పెన్ను తెచ్చావా అన్నయ్యా?"

ఆ మాట బల్ల దగ్గర కూర్చుంటే నాకు ఈ జన్మకి వచ్చేది కాదు.

ఐదోది: సొంత గాయాల జోలికి జాగ్రత్తగా వెళ్ళండి

పాత్ర బాధకి దగ్గరగా ఉండే మన సొంత జ్ఞాపకం తీసి వాడుకోవడం అనేది బాగా ప్రచారమైన పద్ధతి. పనిచేస్తుంది, కాదనను. కానీ నేను ఒక నాటికలో మా నాన్న పోయిన ఆరు నెలలకే ఆ జ్ఞాపకాన్ని వాడేశా, మొదటి షో అదిరిపోయింది, రెండో షోకి ఏమీ రాలేదు, మూడో షోకి నాన్న ముఖం గుర్తొస్తే డైలాగ్ గుర్తొచ్చేది. అది ఇప్పటికీ నాకు కష్టంగానే ఉంటుంది. స్టానిస్లావ్‌స్కీ కూడా చివరి రోజుల్లో జ్ఞాపకాలు తవ్వడం తగ్గించి, ముందు ఒంటితో చేసే పనుల వైపు వెళ్ళాడు.

అందుకని చిన్న జ్ఞాపకాలు వాడండి. అన్న సిగ్గు నాకు కావాల్సి వచ్చింది, అప్పుడు నేను తలుచుకున్నది టెంత్‌లో ఫీజుకని మేనమామ ఇంటికి వెళ్ళి, అడగలేక, రెండు గంటలు వాళ్ళ పిల్లాడితో క్యారమ్స్ ఆడి తిరిగొచ్చిన రోజు. చిన్నది, ఆరిపోయినది, అయినా ఆ కుర్చీ చివర కూర్చోవడం అక్కణ్ణుంచే వచ్చింది.

ఆరోది: వెళ్ళి వినండి

ఊహ ఎంత దూరమైనా పోతుందనుకోవడం పొగరు. మీకు తెలీని బతుకు గురించి అయితే లేచి వెళ్ళాలి. రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట డాక్యుమెంట్ రైటర్ల బల్లల దగ్గర ఒక పూట కూర్చుంటే చాలు, అక్కాచెల్లెళ్ళు వేలిముద్ర వేసేముందు ఎవరి ముఖం చూస్తారు, తర్వాత సిరా ఎక్కడ తుడుచుకుంటారు, హోటల్లో టిఫిన్ డబ్బులు ఎవరిస్తారు, అన్నీ కనిపిస్తాయి. మాట యాస కూడా వినండి, శ్రీకాకుళం చెల్లెలూ కరీంనగర్ చెల్లెలూ ఒకే భాషలో ఊరుకోరు.

కన్యాశుల్కం మొదటి కూర్పు 1897లో వచ్చింది. దాని వెనక ఒక లెక్క ఉంది, విశాఖ జిల్లాలో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్కపు పెళ్ళిళ్ళు 1034 అని తేలిన జాబితా, అందులో ఏడాది వయసు పిల్లలు కూడా ఉన్నారు. ఆ లెక్క గురజాడ ముందుమాటలోనే ఉంది, కానీ నాటకం అంకె మీద నడవలేదు. ఒక బుచ్చమ్మ, ఒక మధురవాణి, కూతుర్ని అమ్ముకోడానికి తయారైన ఒక అగ్నిహోత్రావధాన్లు, వాళ్ళు ఇంట్లో మాట్లాడుకునే మాటలు, వీటి మీదే నడిచింది. 1909కి దాన్ని మళ్ళీ బాగా పెంచి తిరగరాశాడు, అప్పుడు మనుషులు ఇంకా చిక్కబడ్డారు.

ఒక మర్యాద మాత్రం పాటించండి, ఎవరైనా నమ్మి చెప్పిన సంగతిని పేరు మార్చి దించేయకండి. నేను ఒకసారి చేశా, మా చుట్టాల్లో ఒకావిడ పత్రికలో చదివి "నా చీర రంగు కూడా మార్చలేదేం నాయనా" అంది. అప్పట్నుంచి మా ఇంటికి రాలేదు.

ఏడోది: వేషాలు మార్చుకోండి

రిహార్సల్లో ఒకరోజు మాస్టారు నన్ను చెల్లెలిగా, ఆ అమ్మాయిని అన్నగా నిలబెట్టారు. ఆ అమ్మాయి అన్నగా గేటు దగ్గర కనిపించగానే నాకు తట్టింది, "వదిన రాలేదేం?" అని. ఎప్పుడూ ఇద్దరూ కలిసొచ్చేవాళ్ళు ఇవాళ ఒక్కడే వచ్చాడు. అంటే చెల్లెలికి కాగితం కనిపించకముందే, గేటు దగ్గరే ఏదో తెలిసిపోయింది, అందుకే సంచీ అంత తొందరగా లాక్కుందేమో! ఇన్నాళ్ళూ నేను మోసం చేస్తున్నాననుకుంటున్నా, ఆవిడ నాకు వీలు కల్పిస్తోంది.

కథలో అయితే సీన్ మొత్తం అవతలివాళ్ళ "నేను"తో ఇంకోసారి రాయండి, తర్వాత పారేసినా ఫర్వాలేదు. నటుడికి ఒక్క పాత్రే, ఎదురుగా ఇంకో మనిషి ఉంటాడు కాబట్టి సగం పని వాళ్ళు చేసిపెడతారు, కాకపోతే తప్పొస్తే కొట్టేయడానికి లేదు. రచయిత అన్న, చెల్లి, బావ, గుమ్మం దగ్గరాగిన వదిన, అందరి లోపలికీ ఒంటరిగా వెళ్ళిరావాలి. అందుకే చాలా కథల్లో ఒక్క మనిషికే ప్రాణం ఉంటుంది, మిగతావాళ్ళు ఫర్నిచర్.

ఎనిమిదోది: బయటికి రండి

శంకరాచార్యులు శరీరం అప్పగించి వెళ్ళాడన్నా కదా, అది ఇందుకు. లోపల ఎంత కరిగినా, ఒక కన్ను బయట ఉండాలి: లైటు ఎక్కడ పడుతోంది, గొంతు ఆఖరి వరసకి వినిపిస్తోందా, ఈ పేరా అవసరమా అని. మీరు వెక్కివెక్కి ఏడుస్తుంటే మాట అర్థం కాక జనం పక్కవాణ్ణి "ఏమన్నాడు?" అని అడుగుతారు. ఏడవాల్సింది వాళ్ళు, మీరు కాదు. రాసేవాళ్ళకి దీనికి మందు వారం రోజులు పక్కన పెట్టడం, తర్వాత పైకి చదవడం. మీకు బాగా కన్నీళ్ళొచ్చిన చోటే ముందు కత్తెర పట్టుకెళ్ళండి, పదిసార్లలో ఏడుసార్లు అక్కడ రెండు వాక్యాలు ఎక్కువే ఉంటాయి.

షో అయ్యాక పాత్రని వదలడానికి కూడా ఏదో ఒక పని పెట్టుకోండి, లేకపోతే ఇంటికెళ్ళి నిజం చెల్లెలితో ఆ అన్నలా మాట్లాడతారు. మాకు మేకప్ తీయడమే ఆ పని. ఆ రాత్రి గ్రీన్‌రూమ్‌లో కొబ్బరినూనె రాసుకుని పాత బనీనుతో ముఖాలు తుడుచుకుని, ఆకలికి ఆగలేక స్టేజీ మీద వాడిన రసాలే అందరం పంచుకుని తినేశాం, బావ వేషం వాడు రెండు ఎక్కువే తిన్నాడు. రసం మరకలు పడ్డ కాగితం మాత్రం మాస్టారు జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నారు, మర్నాడు పక్కూళ్ళో షో ఉందని.